స్టైలిష్ అనకండి

పుస్తకాన్ని సరిగ్గా చదవకుండా మెచ్చుకోవడానికి మన దగ్గర ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: "శైలి బావుంది." ఆటని సరిగ్గా ఆడకుండా మెచ్చుకోవడానికీ ఒక మాట ఉంది: "స్టైలిష్‌గా ఉంది." రెండూ ఒకటే. గుమ్మం దగ్గర చెప్పులైనా విప్పకుండా నిలబడి, ఇల్లు చాలా బావుందండీ అనేసి వెళ్లిపోవడం లాంటివి. ఇంటివాళ్లకి కోపం రాదు, మనకి లోపలికెళ్లే శ్రమా ఉండదు.

మన సినిమాల్లో అయితే ఆ మాట ఒక హీరో పేరు ముందు చాలాకాలం బిరుదుగా నడిచింది. అక్కడ దాని అర్థం అందరికీ తెలుసు. జుట్టు, జాకెట్, నడక. కథకి దాంతో పని లేదు, దానికి కథతో పని లేదు. ఆ వాడుకతో నాకు పేచీ లేదు. ఆ మాట వీడియోగేముల మీదికి వచ్చి, ఒక మంచి ఆటకి సమాధిరాయి అయినప్పుడే పేచీ.

ఆ ఆట పేరు కిల్లర్7. 2005లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ దాన్ని గేమ్‌క్యూబ్, ప్లేస్టేషన్ 2 కన్సోళ్ల మీద విడుదల చేసింది. తయారుచేసింది గ్రాస్‌హాపర్ మాన్యుఫాక్చర్ అనే స్టూడియో. రచయిత, దర్శకుడు సుదా గోఇచి. జపనీస్‌లో 'గో' అంటే 5, 'ఇచి' అంటే 1 కాబట్టి సుదా51 అని పేరు పెట్టుకున్నాడు. కథ రాయడంలో షింజి మికామి చెయ్యి కూడా ఉంది. 2018లో పీసీకి వచ్చింది. నేను ఆడింది ఆ పీసీ వెర్షనే. ముందే చెప్తున్నా, కథ చివరిదాకా చెప్పేస్తాను. ఇన్నేళ్ల తర్వాత ఇంతకంటే స్పాయిలర్ హెచ్చరిక అక్కర్లేదు.

కథా ప్రపంచం ఇది. దేశాలన్నీ ఇక యుద్ధాలు వద్దని ఒప్పందం చేసుకుంటాయి. మిగిలిన అణ్వస్త్రాలన్నిటినీ ఆకాశంలోకి పంపి అక్కడే పేల్చేస్తాయి. ఆ సంఘటనకి వచ్చిన పేరు 'బాణసంచా'. తర్వాత ఉగ్రవాదాన్ని, అంటురోగాలని ఆపడం కోసమని విమానాలు ఆపేస్తారు, ఇంటర్నెట్ తీసేస్తారు, ఖండాల మధ్య రోడ్లు వేస్తారు. శాంతి వచ్చేసిందనుకున్న ఆ లోకంలోకి 'హెవెన్ స్మైల్స్' అనే నవ్వే ఆత్మాహుతి బాంబులు నడుచుకుంటూ వస్తాయి. వాటిని ఏరేయడానికి అమెరికా ప్రభుత్వం పిలిచే హంతకుల ముఠా కిల్లర్7.

ముఠా అంటున్నాను గానీ, అక్కడ కనిపించే మనిషి ఒక్కడే. చక్రాల కుర్చీలో ఉండే ముసలాయన హర్మన్ స్మిత్. ఆయన కింద ఏడు వ్యక్తిత్వాలు, అందరి ఇంటిపేరూ స్మిత్. రివాల్వర్ పట్టిన డాన్. దూరం నుంచి గురిచూసి కొట్టే కయేదే. కత్తులు విసిరే, మాయమైపోగలిగే, నోరు విప్పని కెవిన్. తాళాలు తీసే, ఎత్తులకి ఎగిరే కొయోటే. చూపు లేకపోయినా మెరుపులా పరిగెత్తే కుర్రాడు కాన్. గ్రెనేడ్ లాంచర్లు పట్టుకు తిరిగే మెక్సికన్ కుస్తీవీరుడు మాస్క్ డి స్మిత్. వీళ్లందరి శవాలనీ ఏరుకొచ్చే 'క్లీనర్' గార్సియన్. ఒకరి నుంచి ఇంకొకరికి మారాలంటే ఒంటినిండా రక్తపు చుక్కలై విడిపోయి, వేరే మనిషిగా మళ్లీ కూడుకుంటారు. సగం మొహం నల్లటి నీడ, మిగతా సగం ఒకే చదునైన రంగు. నేపథ్యంలో మసఫుమి తకాదా సంగీతం. స్క్రీన్‌షాట్ తీసి ఎక్కడ పెట్టినా జనం ఆగి చూస్తారు.

అదే దాని కొంప ముంచింది.

2005లో వచ్చిన రివ్యూలు రెండుగా చీలాయి. మెచ్చనివాళ్లూ, సగం మెచ్చినవాళ్లూ తేల్చింది స్థూలంగా ఇది: చూడ్డానికి బ్రహ్మాండం, ఆడ్డానికి ఇరుకు. రూపానికి ఇన్ని మార్కులు, ఆటకి ఇన్ని మార్కులు, కలిపి సగటు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లుగా దాని గురించి ఎవరు మాట్లాడినా అదే పాట. మెచ్చుకునేవాళ్లు కూడా "కంట్రోల్స్ భరించు, స్టైల్ కోసం ఆడు" అనే సిఫార్సు చేస్తారు. అంటే పళ్లెంలో అన్నం పారేసి, అరిటాకు చాలా పచ్చగా ఉంది చూడమంటున్నారు.

ఆ ఇరుకు ఏంటో చూద్దాం. ఈ ఆటలో మీ ఇష్టం వచ్చిన చోటికి నడవలేరు. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మనిషి ముందుకి పరిగెడతాడు, ముందే గీసిపెట్టిన గీత మీద. ఇంకో బటన్ నొక్కితే వెనక్కి తిరుగుతాడు, అదే గీత మీద. దారులు కలిసేచోట తెర పగిలిన అద్దంలా ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఒకటి ఎంచుకోవాలి. కాల్చాలంటే ఆగాలి. ఆగి తుపాకీ ఎత్తగానే మనం ఆ మనిషి కళ్లలోంచి చూస్తాం. ఒక్క అడుగు పక్కకి వేయడానికి ఉండదు. అంతే. మొత్తం ఆట ఇంతే.

కన్సోల్ షూటర్లు ఆడే అలవాటున్న వేళ్లకి ఇది అవమానంగా తోస్తుంది. ఆ అవమానం నిజమే. నాకూ తోచింది. నా ఫిర్యాదు ఆ భావన మీద కాదు, దాన్ని అక్కడే ఆపేసి మార్కులు వేసేయడం మీద.

ఒక పోలిక చెప్తాను. అదే 2005లో, అదే క్యాప్‌కామ్ నుంచి, అదే మికామి దర్శకత్వంలో రెసిడెంట్ ఈవిల్ 4 వచ్చింది. రెండూ 2002లో ఒకేసారి ప్రకటించిన అయిదు ఆటల్లోవి. రెసిడెంట్ ఈవిల్ 4ని లోకమంతా నెత్తిన పెట్టుకుంది, పెట్టుకోదగ్గదే. అందులో హీరో లియాన్ తుపాకీ ఎత్తితే కదలలేడు. కాళ్లు నేలకి మేకులు కొట్టినట్టు నిలబడి కాల్చాలి. మీద పడే ఊరి జనాన్ని చూస్తూ కూడా ఒక్క అడుగు వెనక్కి వేయలేడు. ఇది కిల్లర్7లో ఉన్న ఇరుకు కాదా? మరి దాన్ని ఉత్కంఠ అని, దీన్ని లోపమని ఎందుకన్నారు?

నాకు తోచిన జవాబు ఒకటే. రెసిడెంట్ ఈవిల్ 4 పలుపుతాడుని గడ్డిలో దాచింది. తుపాకీ దించగానే అటూ ఇటూ తిరగనిస్తుంది కాబట్టి మెడకి తాడుందని మర్చిపోతాం. కిల్లర్7 ఆ తాడుని చేతికిచ్చి చూడమంది. తాడు లేని ఆట ఎక్కడా లేదు. ఊరంతా మీదే తిరగండి అనే ఓపెన్ వరల్డ్ ఆటలో కూడా మిషన్ మొదలవగానే ఎక్కడికెళ్లాలో, ఎవర్ని కొట్టాలో, ఏ క్రమంలో కొట్టాలో రాసిపెట్టే ఉంటుంది. గీత దాటితే 'మిషన్ ఫెయిల్'. మనం కొనుక్కునేది స్వేచ్ఛ కాదు, తాడు కనిపించకుండా ఉండే సౌకర్యం. కిల్లర్7 ఆ సౌకర్యం తీసేసింది. ఆ కోపాన్ని మనం 'కంట్రోల్స్ బాలేవు' అనే పేరుతో తీర్చుకున్నాం.

ఇప్పుడు మన సాహిత్యంవాళ్ల సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు దెబ్బలాట వీళ్లతోనే. గేమర్లు కనీసం ఆట ఆడారు.

ఈ మధ్య మన సాహిత్య సర్కిల్స్‌లో వీడియోగేముల మీద ఒక ఉదారత మొదలైంది. మంచిదే. పదేళ్ల క్రితం ఆట పేరెత్తితే పిల్లల వ్యవహారం అనేవాళ్లు, ఇప్పుడు "కథేంటి?" అని అడుగుతున్నారు. కిల్లర్7 గురించి చెప్తే ఒక సాహిత్య మిత్రుడు కూడా అదే అడిగాడు. చెప్పాను. అమెరికా, జపాన్, అణుక్షిపణులు, చీలిన వ్యక్తిత్వాలు, ఒక ప్రాథమిక పాఠశాలలోంచి తారుమారయ్యే అమెరికా ఎన్నికలు. ఆయన కళ్లు మెరిశాయి. "అబ్బో, వస్తువు ఉంది!" అన్నాడు. వెంటనే, "మరి ఇదంతా నవలగా రాసుకోవచ్చుగా, మధ్యలో ఈ కాల్చుకోవడాలెందుకు?" అన్నాడు.

చూశారా, గేమర్ పారేసింది ఒక సగం, ఈయన పారేసింది ఇంకో సగం. ఆయన ఆట పోనీ రూపం ఉంచమంటాడు, ఈయన ఆట పోనీ వస్తువు ఉంచమంటాడు. వస్తువా శిల్పమా అని మన పత్రికలు దశాబ్దాల తరబడి నడిపిన తగాదా ఉంది కదా. వస్తువు గొప్పదైతే శిల్పం ఎలా ఉన్నా సర్దుకోవాలని ఒక పక్షం, శిల్పం లేనిది కరపత్రమని ఇంకో పక్షం. రెండు పక్షాలూ ఒక విషయంలో మాత్రం రాజీ పడ్డాయి: ఆ రెండూ వేర్వేరు వస్తువులని, ఒకదాన్నుంచి ఒకదాన్ని ఒలిచి తూకం వేయొచ్చని. కిల్లర్7ని ఒలవలేం. ఒలిస్తే చేతిలో ఏమీ మిగలదు. మూడు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది, నవ్వు. హెవెన్ స్మైల్స్ కంటికి కనిపించవు. ముందు నవ్వు వినిపిస్తుంది. ఖాళీ నడవా, ఎదురుగా ఎవరూ లేరు, నవ్వు మాత్రం దగ్గరకొస్తోంది. మీరు ఆగాలి, తుపాకీ ఎత్తాలి, ఇంకో బటన్ నొక్కి ఆ గాలిని స్కాన్ చేయాలి. అప్పుడు కనిపిస్తుంది ఆకారం, ఒంటి మీద ఎక్కడో పసుప్పచ్చగా మెరిసే బలహీనమైన చోటుతో సహా. అక్కడ కొడితే ఒక్క గుండుతో పోతుంది. కొట్టకపోతే వచ్చి మిమ్మల్ని కావలించుకుని పేలుతుంది.

ఈ ఆట వచ్చింది 2005లో. 2001 సెప్టెంబర్ దాడులు జరిగి నాలుగేళ్లు, ఇరాక్ మీద యుద్ధం మొదలై రెండేళ్లు. జనంలో కలిసిపోయి కనిపించని శత్రువు అనే మాట రోజూ టీవీలో వినిపించే కాలం. దాని మీద ఎన్నో నవలలు వచ్చాయి. కానీ ఆ చూపు ఎలా పనిచేస్తుందో నా వేలికి నేర్పింది ఈ ఆటే. అనుమానించడమే చూడటం. నేను శత్రువు ఉందనుకుని బటన్ నొక్కితేనే అక్కడ శత్రువు ఉంటుంది. ఒక గంట ఆడేసరికి ప్రతి ఖాళీ గదినీ స్కాన్ చేస్తూ నడుస్తుంటాను. ఇది కథలో ఎవరూ చెప్పరు. ఏ పాత్రా దీని మీద ఉపన్యాసం ఇవ్వదు. నవలగా రాసుంటే, ఆ అలవాటు పట్టిన ఒక పాత్ర గురించి చదివి జాలిపడేవాళ్లం. ఇక్కడ అలవాటు పట్టింది మనకే.

రెండోది, గార్సియన్. ఆరుగురిలో ఎవరైనా చచ్చిపోతే ఆట అయిపోదు. గార్సియన్‌గా మారి, చచ్చిన చోటికి నడిచి వెళ్లి, ఆ తెగిన తలని తెచ్చుకుని వాళ్లని మళ్లీ బతికించాలి. గార్సియన్ దగ్గర చిన్న పిస్తోలు తప్ప గొప్ప శక్తులేమీ ఉండవు. అతను చచ్చిపోతే మాత్రం ఆట అక్కడికి సరి. ఆడుతున్నప్పుడు ఇదంతా ఒక వింత 'లైఫ్' పద్ధతిలా అనిపిస్తుంది. ప్రతి ఆటలోనూ చచ్చి బతుకుతాం, ఇందులో కాస్త చుట్టు తిప్పుతున్నారు, అంతే కదా అనుకుంటాం. విసుక్కుంటూ అదే నడవాలో మళ్లీ నడుస్తాం. రివ్యూలు విసుక్కున్న వాటిల్లో ఇదీ ఒకటి.

చివర్లో గార్సియన్ యూనియన్ హోటల్ అనే చోటికి వస్తాడు. ఒక్కో అంతస్తు ఎక్కుతుంటే ఒక్కో గదిలో ఒక్కో స్మిత్ ఎలా చచ్చిపోయారో కనిపిస్తుంది. చంపినవాడు ఒక కుర్రాడు, పేరు ఎమిర్ పార్క్‌రైనర్. గార్సియన్ అసలు పేరు అదే. ఆ ఆరుగురూ అతను ఎప్పుడో చంపేసిన మనుషులు. అతను వాళ్లని మోస్తున్నాడు. ఇన్నాళ్లూ మనం ఏరుకొచ్చిన తలలు, మనం 'లైఫ్' అనుకున్నవి, అతని నేరానికి సాక్ష్యాలు. శవాలు ఏరడం ఎందుకు అతని పనో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఆ నడవాలో విసుగ్గా మళ్లీ మళ్లీ నడవడం అనేది వస్తువా, శిల్పమా? ఆ విసుగు మీ శరీరంలో లేకపోతే ఆ హోటల్ మెట్లు కేవలం ఒక ట్విస్టు. ట్విస్టులు ఎక్కడైనా దొరుకుతాయి.

మూడోది, చివరి ఎంపిక. గంటల తరబడి మిమ్మల్ని గీత మీద నడిపించిన ఈ ఆట ఆఖర్న ఒక నిజమైన ఎంపిక ఇస్తుంది. చోటు 'బాటిల్‌షిప్ ఐలాండ్', యుద్ధనౌక దీవి. నాగసాకి దగ్గర హషిమా అనే నిజమైన దీవికి ఉన్న మారుపేరే అది. దాని కింద బొగ్గు గని ఉండేది, 1974లో మూతపడింది. యుద్ధకాలంలో కొరియా, చైనాల నుంచి తెచ్చిన మనుషుల చేత బలవంతంగా పని చేయించిన చోటు. అలాంటి పేరున్న చోట, మత్సుకెన్ అనే జపాన్ రాజకీయ నాయకుడు మీ ముందు ఉంటాడు. చంపుతారా, వదిలేస్తారా? చంపితే అమెరికా జపాన్ మీద పడుతుంది. వదిలేస్తే జపాన్ అమెరికా మీద పడుతుంది. రెండింటికీ తర్వాత వచ్చే దృశ్యం ఒకటే. వందేళ్ల తర్వాత షాంఘైలో హర్మన్, అతని పాత శత్రువు కున్ లాన్, మళ్లీ అదే పోరు.

గేమర్లు మోసం అన్నారు. ఎంపికకి విలువ లేదన్నారు. కానీ ఆలోచించండి. 1951లో సంతకమై 1960లో సవరించిన అమెరికా-జపాన్ భద్రతా ఒప్పందం ఉంది. 1960లో దానికి వ్యతిరేకంగా టోక్యో వీధులు జనంతో నిండిపోయాయి. ఒప్పందం మాత్రం ఆగలేదు. ఒక పెద్ద దేశం గొడుగు కింద ఉంటూ మా దారి మేమే ఎంచుకుంటున్నాం అనుకునే దేశం నుంచి వచ్చిన ఆట ఇది. గీత మీద నడిచి నడిచి, చివరికి ఒక చీలిక దగ్గర నిలబడి, ఏ ముక్క ఎంచుకున్నా ఒకే చోటికి చేరతామని తెలుసుకోవడం ఈ ఆటకి ముగింపు మాత్రమే కాదు, మొదటి నిమిషంలో చేతికిచ్చిన కంట్రోల్సే చివరికి కథగా విచ్చుకున్నాయి. మొదట్లో 'ఇరుకు' అని మార్కులు కోసేసినవాళ్లు ఆఖరి అధ్యాయం అట్టలోంచి చింపేసి పుస్తకం అసంపూర్ణం అంటున్నారు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. నా దగ్గరికి వచ్చిన వాటిల్లో దీనికే బలం ఉంది. "ఇలా అయితే ప్రతి చెత్త ఆటనీ సమర్థించొచ్చు. కంట్రోల్స్ బాలేవా, అది ఉద్దేశపూర్వకం. కథ అర్థం కాలేదా, అది ప్రయోగం. మన పత్రికల్లో కొరుకుడుపడని కవిత్వానికి కూడా ఇదే వకాల్తా కదా?"

కాదు. దీనికి ఒక గీటురాయి ఉంది, చాలా మామూలుది. రచయిత ఉద్దేశం ఏంటని నేనడగను, ఇంటర్వ్యూలు వెతకను. ఆ ఇబ్బంది కృతిలో ఇంకెక్కడైనా పనికొచ్చిందా అని మాత్రమే అడుగుతాను. ఒకచోట నాకు పెట్టిన కష్టం ఇంకోచోట వడ్డీతో తిరిగొస్తే అది శిల్పం. రాకపోతే అది చేతకానితనం, లేదా పొగరు. గీత మీద నడక తిరిగొచ్చింది. తలలు ఏరడం తిరిగొచ్చింది. నవ్వు, స్కాన్ తిరిగొచ్చాయి.

ఇదే రాయి మీద ఈ ఆటలోనే తేలిపోయేవి ఉన్నాయి. అవి చెప్పకపోతే నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డవాణ్ణే అవుతాను. పజిళ్లు తీసుకోండి. కొవ్వొత్తి కనిపిస్తే నిప్పు ఉంగరం వాడు, అలాంటివి. పైగా పక్కనే నిలబడ్డ దయ్యాలు జవాబు చెప్పేస్తాయి. అవి దేనికీ తిరిగిరావు, ఆట నిడివి పెంచడానికి తప్ప.

అంతకంటే పెద్దది, ఆడవాళ్ల సంగతి. ఏడుగురిలో ఆడమనిషి ఒక్కతే, కయేదే. మగవాళ్లకి దక్కిన శక్తులు పరుగు, ఎగురు, మాయమవడం, తాళం తీయడం. ఆమెకి దక్కింది మణికట్టు కోసుకుని రక్తం చిమ్మడం. అడ్డుగోడలు అలా కరుగుతాయి. ఎందుకు ఆమెకే? ఆటలో ఎక్కడా జవాబు లేదు. ఇంట్లో సమాంత అనే పనిమనిషి ఉంటుంది. యూనిఫాం వేసుకున్నప్పుడే మీ ఆటని సేవ్ చేస్తుంది, మిగతా వేళల్లో కుర్చీలోని ముసలాయన్ని హింసిస్తుంది. యజమాని, పనిమనిషి, అధికారం తలకిందులవడం అని ఏదో చెప్పబోతున్నట్టే ఉంటుంది గానీ చెప్పదు. దొంగతనం వచ్చినవాడు ప్యూర్టో రికో వాడే అవడం కూడా ఇలాంటిదే. ఈ చోట్ల మాత్రం నిస్సంకోచంగా 'స్టైలిష్' అనండి. ఆ మాటకి తగిన చోటు ఇదే. లోపల ఏమీ లేకుండా పైన మెరిసేది. నేను ఆ మాటని నిషేధించమనడం లేదు, సరైన చోట తిట్టుగా వాడమంటున్నాను.

అభిమానులకి కూడా ఒక మాట. కిల్లర్7కి ఒక మఠం ఉంది. వాళ్ల పని 'డీకోడింగ్'. ఏ ఫైలు ఎవరు రాశారు, ఏ దయ్యం టీషర్టు మీద అక్షరాలకి అర్థమేంటి, ఏ పేరు వెనక ఏ చరిత్ర ఉంది. ఒక కామిక్ రచయిత ఇంటిపేరు పెర్ల్‌హార్బర్ అని పెట్టిన ఆటలో ఇలాంటి వేట సరదాగానే ఉంటుంది. కాలక్రమాలు గీస్తారు, 'ఎండింగ్ వివరణ' వీడియోలు పెడతారు. లక్షలమంది ఆట ముట్టకుండా ఆ వీడియోలు చూసి అర్థమైందనుకుంటారు. ఇది మన గైడు పుస్తకాల చదువు లాంటిదే. ప్రశ్నకి జవాబు ఉంటుంది, పాఠం ఉండదు. కథ పూర్తిగా అర్థం కాకపోవడం ఈ ఆటలో అడ్డంకి కాదు. ఆ హంతకులకీ అర్థం కాదు. ఎవరి తరఫున ఎవర్ని చంపుతున్నారో తెలియకుండా గీత మీద పరిగెడుతుంటారు. మీరు అంతా తెలుసుకుని, మ్యాపు వేసుకుని, పైనుంచి చూస్తుంటే వాళ్ల చోట నిలబడటం ఎలా కుదురుతుంది?

ఒక పాత జపాన్ ఆట మీద ఇంత కోపమెందుకని మీరడగొచ్చు. నా బాధ ఆ ఆట గురించి మాత్రమే కాదు. తెలుగులో ఆటల మీద రాయడం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. ఇంకా భాష తయారవలేదు, పద్ధతి కుదరలేదు. ఇలాంటప్పుడు పడే అలవాట్లే చాలాకాలం ఉండిపోతాయి. సినిమా విషయంలో ఏమైందో చూశాం. కథ చెప్పి, నటన బావుందని, ఫోటోగ్రఫీ బావుందని, సంగీతం ఫరవాలేదని విభాగాల వారీగా మార్కులు పంచే రివ్యూ ఒకటి పుట్టి, దశాబ్దాలైనా చావలేదు. ఆ రివ్యూ చదివితే సినిమా ఒక ప్రోగ్రెస్ రిపోర్టులా కనిపిస్తుంది. ఆటలకి కూడా అదే గతి పట్టిస్తే, ఈ కళలో మనకి అందాల్సింది అందదు. గ్రాఫిక్స్ 9, కథ 7, కంట్రోల్స్ 5. బాబూ, ఆ 5 లోనే ఉంది ఆ 7!

సాహిత్యం చదివినవాళ్లు ఆటల మీద రాస్తే లాభమేంటని చాలామంది అనుకుంటారు. లాభం ఉంది, మనం మన మంచి అలవాటు తెస్తే. కవితలో పాదం ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో అడగడం మనకి తెలుసు. కథ ఉత్తమపురుషలో ఎందుకుందో అడగడం తెలుసు. వాక్యం మన ఊపిరిని ఎక్కడ ఆపిందో గమనించడం తెలుసు. ఆ ప్రశ్నలు వదిలేసి, కథాసారాంశం అనే చెడ్డ అలవాటు ఒక్కటే వెంట తెచ్చుకుంటున్నాం.

ఆట గురించి రాసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "కథేంటి" కాదు, "ఎలా ఉంది" కూడా కాదు. "ఇది నా చేత ఏం చేయించింది? ఏం చేయనివ్వలేదు?" ఆ రెండు ప్రశ్నలకీ జవాబు రాసేసరికి కథ, రూపం రెండూ వాటంతట అవే అందులోకి వచ్చి కూర్చుంటాయి. రాకపోతే ఆ ఆటలో ఏమీ లేదన్నమాట, నిర్మొహమాటంగా అది రాయండి.

కిల్లర్7 నా చేత ఒక బటన్ నొక్కించి పట్టించింది. ఎందుకు పరిగెడుతున్నానో తెలియకుండా, పక్కకి తొలిగే వీలు లేకుండా, నవ్వు వినిపించిన ప్రతి చోటా కాలుస్తూ పరిగెత్తించింది. ఆఖర్న ఆగి, ఇప్పుడు నీ ఇష్టం అంది. అప్పటికి నా ఇష్టం ఏంటో నాకే తెలియలేదు. దీన్ని స్టైల్ అనడం కంటే చిన్న మాట తెలుగులో ఇంకోటి లేదు.